హౌరా పెరటి చెరువుల వద్ద బావురు పిల్లికి ఊరివారే కాపలా

హౌరా: సికింద్రాబాద్ నుంచి వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నదిని దాటగానే హౌరా జిల్లా మొదలవుతుంది. ‘దేవదాసు’ రచయిత శరత్‌చంద్ర చటోపాధ్యాయ చివరి దశలో ఇల్లు కట్టుకుని నివసించిన సామ్తాబేడ్ గ్రామం అక్కడి దేవుల్టి స్టేషనుకు దగ్గరలోనే ఉన్నది. అక్కడి నుంచి బాగ్‌నాన్, ఉలుబేరియా మీదుగా హౌరా చేరేవరకు రైలు కిటికీలో కనిపించేవి పెరటి చెరువులు, అరటి తోపులు, పైకప్పు వేసిన తమలపాకు తోటలు, వాటి మధ్య మనిషి ఎత్తున పెరిగిన జమ్ము, కిక్కిస గడ్డి. ఆ గడ్డిలో పగలంతా దాగి, చీకటి పడిన తరువాత చెరువు గట్టున చేపల కోసం పొంచి ఉండే జంతువొకటి ఉన్నది. దానిని బెంగాలీలు బాఘ్‌రోల్ అనీ, మేఛో బిడాల్ అనీ అంటారు. తెలుగులో అది బావురు పిల్లి, కొన్నిచోట్ల నీటి పిల్లి. 2012లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం దానిని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది.

రాష్ట్ర జంతువన్న హోదా దక్కినా హౌరాలో దానికంటూ కేటాయించిన అడవి లేదు. జిల్లాలో అభయారణ్యం గాని, జాతీయ పార్కు గాని లేవు. 1,467 చదరపు కిలోమీటర్ల జిల్లాలో 2011 జనగణన ప్రకారం 48.5 లక్షల మంది నివసిస్తున్నారు. అంటే చదరపు కిలోమీటరుకు 3,300 మందికి పైగా. బావురు పిల్లి తిరిగే నేల దాదాపు అంతా ఎవరో ఒకరి పట్టా భూమి. చెరువు ఒకరిది, దాని గట్టు మరొకరిది, గడ్డి మడి ఇంకొకరిది. పులుల అభయారణ్యంలో మాదిరి ఇక్కడ గస్తీ తిరిగే బీటు సిబ్బంది ఉండరు, రాకపోకలను నియంత్రించే తనిఖీ కేంద్రాలు ఉండవు. కాబట్టి ఆ జంతువు ఎక్కడ ఉన్నదో, ఎన్ని ఉన్నాయో, ఏ కారణంగా చనిపోతున్నదో తెలుసుకోవాలంటే ఆ ఇళ్లవారే చూడాలి, చూసినది వారే చెప్పాలి. వన్యప్రాణుల పర్యవేక్షణలో వలంటీర్ల పాత్ర చాలాచోట్ల ప్రభుత్వ యంత్రాంగానికి అదనపు సాయం. హౌరా పల్లెల్లో మాత్రం ఆ పనికి అదే ఆధారం.

‘పులి పిల్ల’ అన్న పేరుతో మరణం

బావురు పిల్లి ఇంటి పిల్లికంటే రెట్టింపు పైగా ఉంటుంది. బరువు 5 నుంచి 16 కిలోల వరకు ఉండవచ్చు. బూడిద రంగు కలిసిన గోధుమ వర్ణపు ఒంటిపై నల్లని మచ్చలు, మెడమీదుగా చారలు, పొట్టి తోక, వేళ్ల మధ్య పాక్షికంగా పొర ఉన్న పాదాలు దాని గుర్తులు. ఒంటిపై వెంట్రుకలు రెండు పొరలుగా ఉండి, లోపలి దట్టమైన పొర నీటిని చర్మం దాకా రానీయదు. ఈ ఆకారాన్ని రాత్రివేళ టార్చిలైటు వెలుగులో చూసినవారికి చిరుత పిల్లగానో, పులి పిల్లగానో తోచటంలో ఆశ్చర్యం లేదు. బాఘ్‌రోల్ అన్న మాటలోనే ‘బాఘ్’ ఉన్నది; బెంగాలీలో బాఘ్ అంటే పులి. ఊరిలో పులి తిరుగుతున్నదన్న పుకారు లేచిన రాత్రి కర్రలతో బయలుదేరిన గుంపు చేతిలో చివరకు చనిపోయేది ఈ పిల్లి.

మేకపిల్లలను, కోళ్లను అప్పుడప్పుడు ఎత్తుకుపోతుందన్న కోపంతో విషం పెట్టటం, ఉచ్చులు పన్నటం మరో కారణం. రోడ్లపై వాహనాల కింద పడటం ఇంకొకటి. 2010 ఏప్రిల్ నుంచి 2011 మే వరకు, అంటే పద్నాలుగు నెలల్లో, ఒక్క హౌరా జిల్లాలోనే 27 బావురు పిల్లుల మరణాలు నమోదయ్యాయి. సగటున నెలకు దాదాపు రెండు. అవి లెక్కకు వచ్చినవి మాత్రమే.

ఆ లెక్క తీసే పని మొదలైనది 2010లోనే. జీవశాస్త్రవేత్త తియాసా ఆఢ్య, పార్థ దే కలిసి ఆ సంవత్సరం ప్రారంభించిన ‘ది ఫిషింగ్ క్యాట్ ప్రాజెక్ట్’ హౌరా గ్రామాలనే తన తొలి క్షేత్రంగా ఎంచుకున్నది. అప్పటికి భారతదేశంలో పులి, ఏనుగు, ఖడ్గమృగం మీద గ్రంథాలకు గ్రంథాలు ఉన్నా, బావురు పిల్లి గురించి తెలిసినది స్వల్పం. తియాసా ఆఢ్యకు 2022లో నెదర్లాండ్స్‌కు చెందిన ‘ఫ్యూచర్ ఫర్ నేచర్’ పురస్కారం లభించింది.

తరువాతి కాలంలో కోల్‌కతాకు చెందిన ‘హీల్’ సంస్థ, ఫిషింగ్ క్యాట్ ప్రాజెక్ట్ కలిసి ‘నో దై నైబర్స్’ పేరుతో గ్రామస్థులనే పర్యవేక్షకులుగా మార్చే కార్యక్రమం చేపట్టాయి. ‘నీ పొరుగువారిని తెలుసుకో’ అన్నది ఆ పేరుకు అర్థం. ఇంటి పెరటిలో, చెరువు గట్టున కెమెరా ట్రాప్ అమర్చి, దాని బాధ్యతను ఆ ఇంటివారికే అప్పగించటం దీని పద్ధతి.

కెమెరా చేసే పని, మనిషి చేసే పని

కెమెరా ట్రాప్ అన్నది చెట్టుకో, కర్రకో కట్టి ఉంచే చిన్న పెట్టె. ఎదురుగా వెచ్చని శరీరం కదలగానే దానిలోని సెన్సర్ గ్రహించి ఫొటో తీస్తుంది. రాత్రివేళ కంటికి కనిపించని పరారుణ కాంతిని వాడే కెమెరాలను ఎంచుకుంటే జంతువు బెదరదు. పరికరం ఇంతే. అసలు పని దానిని ఎక్కడ కట్టాలన్న నిర్ణయంలో ఉన్నది, అక్కడే ఊరివారి జ్ఞానం అక్కరకు వస్తుంది. ఏ గట్టు మీద తడి పాదముద్రలు పడుతున్నాయి, ఏ గడ్డి మడిలోంచి సన్నని దారి నీటివైపు దిగుతున్నది, ఎవరి చెరువులో సగం తిన్న చేప తేలింది అన్నవి బయటి నుంచి వచ్చిన పరిశోధకుడికి వారాలు పట్టే సంగతులు. రోజూ తెల్లవారుజామున ఆ గట్టు మీద నడిచేవారికి అవి తెలిసినవే.

కెమెరాను జంతువు ఒళ్లు నిండుగా పడేంత ఎత్తులో, అంటే మోకాలి కిందుగా, నేలకు సమాంతరంగా కట్టాలి. ముందున్న గడ్డిని కోయాలి. లేకుంటే గాలికి ఊగిన ప్రతి ఆకు ఒక ఫొటో అవుతుంది, బ్యాటరీ అయిపోతుంది. వారానికొకసారి మెమరీ కార్డు మార్చాలి. తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడాలి. దామోదర్ పొంగితే ఆమ్తా, ఉదయ్‌నారాయణ్‌పూర్ ప్రాంతాలు నీట మునగటం హౌరాలో తరచూ జరిగేదే. 2021లోనూ 2024లోనూ అదే జరిగింది. అటువంటి రోజుల్లో కెమెరాను విప్పి అటక మీద పెట్టే మనిషి కావాలి. దొంగల బెడద సరేసరి. పరికరం తమ ఇంటిదన్న భావన ఉన్నచోట అది భద్రంగా ఉంటుంది.

ఇక్కడ అడవిలో లేని ఒక చిక్కు ఉన్నది. పెరటి కెమెరాకు పిల్లి ఒక్కటే చిక్కదు. చెరువుకు వచ్చే ఆడవారు, ఆడుకునే పిల్లలు, రాత్రి బయటకు వచ్చిన ఇంటి పెద్దలు కూడా పడతారు. మనుషుల ఫొటోలను వెంటనే తొలగించటం, కెమెరా ఉన్నదని ఇరుగుపొరుగుకు ముందే చెప్పి ఒప్పించటం ఈ పనిలో మొదటి షరతు. ఒక్కసారి ఆ నమ్మకం చెడితే ఆ ఊరిలో రెండో కెమెరా కట్టటం అసాధ్యం.

ఫొటోలు వచ్చాక వాటిని వేరుచేయాలి. నూటికి ఎక్కువ పాళ్లు కుక్కలు, ఇంటి పిల్లులు, ముంగిసలు, నక్కలు. అడవిపిల్లి, పునుగు పిల్లి కూడా అదే గట్టు మీద తిరుగుతాయి. మలం ఆధారంగా గుర్తించటం ఇంకా కష్టం. చేప పొలుసులు కనిపిస్తే అది బావురు పిల్లిది కావచ్చు, నీటికుక్కది కావచ్చు. అందుకే వలంటీరు గుర్తింపును నిపుణుడు సరిచూసే ఏర్పాటు తప్పనిసరి. అది లేని పౌర పరిశోధన ఎంత ఉత్సాహంగా సాగినా శాస్త్రానికి పెద్దగా ఉపయోగపడదు.

మచ్చలను బట్టి లెక్క

మనిషి వేలిముద్రల మాదిరిగా బావురు పిల్లి ఒంటిపై మచ్చల అమరిక ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. పైగా ఒకే పిల్లికి కుడివైపు ఒక అమరిక, ఎడమవైపు మరొకటి ఉంటుంది. అందుకే గణన జరిపేటప్పుడు ఒకేచోట ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. ఒక్క కెమెరాతో పనిచేస్తే కుడివైపు దిగిన పిల్లి, ఎడమవైపు దిగిన పిల్లి ఒకటేనా, రెండా అన్నది తేలదు.

కనిపించిన వాటినుంచి కనిపించని వాటిని అంచనా వేసే సూత్రం వినడానికి కష్టమైనా తర్కం సులభం. ఉదాహరణకు మొదటి విడతలో 20 పిల్లులు కెమెరాకు చిక్కాయనుకుందాం. రెండో విడతలో 25 చిక్కితే వాటిలో 10 పాతవని మచ్చలను బట్టి తేలిందనుకుందాం. అంటే రెండో విడతలో పాతవి ఐదింట రెండు వంతులు. కాబట్టి మొదట చూసిన 20 కూడా మొత్తంలో ఐదింట రెండు వంతులే అయి ఉండాలి. ఆ లెక్కన మొత్తం సుమారు 50. ఏ పిల్లి ఏ కెమెరా వద్ద ఎన్నిసార్లు కనిపించిందన్న స్థల సమాచారాన్ని కూడా కలిపి నేటి శాస్త్రవేత్తలు ఇంకా మెరుగైన అంచనాలు వేస్తున్నారు.

హౌరాలో రూపుదిద్దుకున్న అనుభవం ఒడిశాలోని చిలికా సరస్సు వద్ద పెద్దయెత్తున అక్కరకు వచ్చింది. చిలికా అభివృద్ధి సంస్థతో కలిసి ఫిషింగ్ క్యాట్ ప్రాజెక్ట్ 2021, 2022 సంవత్సరాలలో రెండు దశలుగా 150 కెమెరాలతో సర్వే జరిపి, అక్కడ 176 బావురు పిల్లులు ఉన్నట్లు అంచనా వేసింది. రక్షిత ప్రాంతాల వెలుపల ఈ జంతువుకు ప్రపంచంలో జరిగిన తొలి గణన అదే. అందులో ప్రధాన భాగస్వాములు చిలికా మత్స్యకారులు, గ్రామస్థులు. సరస్సులో చేపల కోసం పిల్లితో పోటీపడేవారే దానిని లెక్కపెట్టేవారు కావటం గమనించదగినది.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి కొంత భిన్నం. కాకినాడ సమీపంలోని కోరింగ అభయారణ్యంలో 2018లో జరిగిన గణనలో 115 బావురు పిల్లులు తేలాయి. 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఆ మడ అడవికి అటవీశాఖ రక్షణ ఉన్నది. కృష్ణా నది ముఖద్వారంలోని కృష్ణా అభయారణ్యంలోనూ ఈ పిల్లి ఉన్నది. తూర్పు కనుమల వన్యప్రాణి సంఘం వంటి స్వచ్ఛంద సంస్థలు అక్కడ పనిచేస్తున్నాయి. అయితే మడ అడవి గీత దాటగానే రొయ్యల చెరువులు, చేపల చెరువులు, కాలువ గట్లు మొదలవుతాయి. పిల్లికి ఆ గీత కనిపించదు. అభయారణ్యం లోపలి లెక్కకు కోరింగ ఒక నమూనా అయితే, వెలుపలి ఆక్వా గ్రామాలకు హౌరాయే దగ్గరి పాఠం. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే 16వ నెంబరు జాతీయ రహదారి హౌరా గ్రామాలను, చిలికా తీరాన్ని, గోదావరి, కృష్ణా డెల్టాలను కలుపుతూ సాగుతుంది. ఈ పిల్లి తూర్పు తీరపు ఆవాసాలు చాలావరకు ఆ రోడ్డుకు అటూ ఇటూ ఉన్నవే.

గడ్డికి ధర ఉన్నంతవరకే

హౌరాలో బావురు పిల్లి ఇంతకాలం నిలవటానికి కారణం జంతుప్రేమ ఒక్కటే అనుకుంటే పొరపాటు. కిక్కిస గడ్డిని అక్కడ ‘ఖొడి’ అంటారు. తమలపాకు తీగలు పాకడానికి ఊతంగా, దడులకు, కప్పులకు ఆ గడ్డి కావాలి. పల్లపు భూమిలో వరికంటే అది పెంచటమే కొందరు రైతులకు సులువు. వారు గడ్డిని పెంచుకున్నారు, పిల్లి అందులో పిల్లలను పెట్టుకున్నది. ఏ చట్టమూ, ఏ ప్రాజెక్టూ పుట్టకముందే ఏర్పడిన సర్దుబాటు అది.

ఆ సర్దుబాటు ఇప్పుడు భూమి ధర ముందు నిలవటం కష్టమవుతున్నది. ఇటుక బట్టీలు, ఇళ్ల స్థలాలు, ధూలాగఢ్, సాంక్రాయిల్ వైపు లేచిన గోదాములు, కర్మాగారాలు పల్లపు నేలలను మట్టితో నింపుతున్నాయి. పశ్చిమ బెంగాల్ చట్టం ప్రకారం 5 కాఠాలు, అంటే 0.035 హెక్టారు, లేదా అంతకు మించిన నీటి వనరును పూడ్చటం నిషిద్ధం. కాని గడ్డి మడి నీటి వనరా, ఖాళీ భూమా అన్న వివాదం రికార్డుల్లో ఏమి రాసి ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది. పిల్లిని చంపితే శిక్ష స్పష్టంగా ఉన్నది. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులోని జంతువు కాబట్టి మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు, 2022 సవరణ తరువాత కనీసం 25,000 రూపాయల జరిమానా. అదే పిల్లి నివసించే గడ్డిని దాని యజమాని అమ్ముకుంటే అటువంటి శిక్ష ఏదీ వర్తించదు.

పర్యవేక్షణ ఫలితం ఈ చోటనే పరీక్షకు నిలుస్తుంది. తేదీ, సమయం, స్థలం ఉన్న ఫొటోల వరుస చేతిలో ఉంటే, ఇది బంజరు కాదు, రాష్ట్ర జంతువు సంతానం పెంచుకుంటున్న నేల అని పంచాయతీ ముందో, అధికారి ముందో, అవసరమైతే న్యాయస్థానం ముందో చెప్పవచ్చు. ఫొటో లేకపోతే ఆ మాటకు సాక్ష్యం లేదు. ఫొటో ఉన్నంత మాత్రాన భూమి నిలుస్తుందన్న హామీ కూడా లేదు. వలంటీర్ల శ్రమతో ప్రభుత్వ బాధ్యత తీరిపోయినట్లు భావించే ధోరణి ప్రమాదకరం; గ్రామస్థుడు లెక్క తీయగలడు గాని, భూవినియోగ ప్రణాళిక మార్చలేడు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో బావురు పిల్లిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా పేర్కొని, 2016లో ఒక మెట్టు తక్కువ ప్రమాదం గల ‘దుర్బల’ వర్గంలోకి మార్చింది. పై నుంచి చూస్తే ఇది శుభవార్తగా కనిపిస్తుంది. కాని ఈ మధ్యకాలంలో సమాచారం పెరగటం వేరు, పిల్లులు పెరగటం వేరు. క్షేత్రస్థాయి లెక్కలు ఎందుకు కావాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పక్షుల లెక్క పగటి పని

ఇదే జిల్లాలో మరో స్వచ్ఛంద గణన ఎంతోకాలంగా సాగుతున్నది. సాంత్రాగాఛి రైల్వే స్టేషను పక్కనే ఉన్న పెద్ద చెరువుకు శీతాకాలంలో ఈల బాతులు, సూదితోక బాతులు వేల సంఖ్యలో దిగుతాయి. ‘ప్రకృతి సంసద్’ సభ్యులు ఏటా అక్కడ పక్షులను లెక్కిస్తారు. చలికాలానికి ముందు గుర్రపు డెక్కను తొలగిస్తూనే, పక్షులు వాలడానికి దానిలో కొంత దీవులుగా వదిలేస్తారు. దుర్భిణి, ఓపిక ఉంటే ఈ లెక్కకు చాలు. దేశమంతటా ఇటువంటి 30,000 మందికి పైగా పక్షి పరిశీలకులు ఇచ్చిన సుమారు 3 కోట్ల నమోదుల ఆధారంగానే ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023’ నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసింది. ఆస్ట్రేలియాలోనూ మల్లీఫౌల్ అనే నేలకోడి కట్టే మట్టిదిబ్బలను ఏటా తిరిగి చూసి నమోదు చేసేది వలంటీర్లే.

పక్షుల వలె బావురు పిల్లి బహిరంగంగా కనిపించదు కాబట్టి దాని విషయంలో రెండు జాగ్రత్తలు అదనంగా కావాలి. ఒకటి, కనిపించని రాత్రులను కూడా నమోదు చేయటం. ఫలానా చెరువు వద్ద కెమెరా ముప్పై రాత్రులు ఉన్నా పిల్లి రాలేదన్నది ఫొటో అంత విలువైన సమాచారం. వలంటీర్లకు సహజంగానే దొరికినదే పంపాలనిపిస్తుంది. దాంతో అన్ని చెరువుల వద్దా పిల్లులున్నట్లు చిత్రం తయారవుతుంది. రెండోది, కచ్చితమైన స్థలాన్ని బయటపెట్టకపోవటం. ఐనేచురలిస్ట్ వంటి వేదికలు ప్రమాదంలో ఉన్న జాతుల స్థల సమాచారాన్ని తమంతట తామే మసకబరుస్తాయి. వాట్సాప్ గ్రూపులకు ఆ విచక్షణ లేదు. ఊరి పేరుతో సహా తిరిగే ఒక్క వీడియో వేటగాడికి దారి చూపవచ్చు, లేదా పక్క ఊరిలో మళ్లీ పులి పుకారు లేపవచ్చు.

ఖొడి కోతల సమయంలో గడ్డి మధ్య కళ్లు తెరవని పిల్లలు దొరకటం మరో సందర్భం. తల్లి వదిలేసిందనో, చిరుత కూనలనో భావించి వాటిని ఇంటికి తెచ్చి పాలు పట్టేవారున్నారు. తల్లి పగలు దగ్గరలోనే దాగి ఉండి, మనుషుల అలికిడి తగ్గాక రాత్రికి వచ్చి పిల్లలను వేరేచోటికి మార్చుకుంటుంది. అందువల్ల ఆ మడిలో ఒక ముక్క గడ్డిని కోయకుండా వదిలి, పిల్లలను ముట్టుకోకుండా, కుక్కలను రానీయకుండా చూసి, అటవీశాఖకు తెలియజేయటమే సరైన పని. అప్పటికే ఇంటికి తెచ్చి ఉంటే, ఆలస్యం చేయకుండా సాయంత్రానికి అదే చోట తిరిగి ఉంచి, దూరం నుంచి ఒక రాత్రి కనిపెట్టాలి. దాన్ని కనిపెట్టడానికి అన్నిటికంటే అనువైనది ఆ ఇంటి కెమెరాయే.